ఎండ చీటీ

పుష్యమాసం వస్తే నాకేదో అవుతుంది.
జ్వరం కాదు, నొప్పి కాదు.
రాత్రంతా బయట పెట్టిన బకెట్లో
పొద్దున్నే వేలు ముంచితే ఉలిక్కిపడతామే,
అట్లా ఉంటుంది
ఎవరు పలకరించినా.

అనంతపురంలో చలేందమ్మా అని నవ్వుతారు జనం.
ఎనిమిది నెలలు పెనం మీద బతికే ఊరు కదా,
నవ్వనీ.
నాది చలి బాధ కాదు.
క్లాక్ టవర్ వెనక పొద్దు జారిపోయే వేళకు
నేను అప్పుడే లేచి పళ్లు తోముకుంటుంటాను.
పెద్దాసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ.
తెల్లారి గుల్జార్‌పేట గదికొచ్చి
కిటికీకి పాత దుప్పటి కట్టి పడుకుంటే
ఎండ వచ్చిందీ పోయిందీ
ఆ దుప్పటి చిరుగుకే తెలుసు.

నవ్వి ఇరవై రోజులైందని
ఒక రాత్రి గాజుపలక మీద ఎవరిదో నెత్తురు పరుస్తూ
లెక్కేసుకున్నాను.
నుస్రత్ డాక్టరమ్మ నా రక్తం
నా చేతనే పరీక్ష చేయించింది.
అంకె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"వాన కరువు చూశాం, నీళ్ల కరువు చూశాం,
ఈ సీమలో ఎండ కరువు నీకే వచ్చింది తల్లీ!"
చీటీ మీద మందులు రాసి, కింద ఇట్లా రాసింది:
ఎండ, రోజూ అరగంట.
మనుషులు, కుదిరినంత.

మందులు కొన్నాను.
మిగతా రెండూ ఏ షాపులో అడగాలో తెలీక
చీటీ పర్సులో మడిచి పెట్టాను.

మూడో రోజు మిద్దెపైకెక్కి
నీళ్ల ట్యాంకు పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నా.
ఎండ నా పాటికి నా మీద పడింది.
పావురాలు వాటి పాటికి అవి.
ఏమీ కాలేదు.
అరగంట అయిపోయింది, దిగి పడుకున్నా.

నాలుగో రోజూ అంతే.

ఐదో రోజు కింది వాటా రమీజా
గోనె సంచి ఈడ్చుకుంటూ పైకొచ్చింది.
రాప్తాడు నుంచి కుళ్ళాయమ్మ తెచ్చిన అనపకాయలు, మూడు కిలోలు.
నా వంక చూసి, "చేతులు ఖాళీనేనా?" అంది.
ఖాళీనే.
ఇన్నాళ్లకు ఒకరు నన్ను
ఎట్లున్నావని కాకుండా
చేతుల గురించి అడిగారు.

డబ్బుల కోసం గోడకానుకుని కూర్చున్న కుళ్ళాయమ్మ
కాయ నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది.
"మంచు తాగితేనే పాపా దీనికి వాసన.
మంచు పడకుంటే ఇది గడ్డి."
నన్ను చూసి చెప్పిన మాట కాదు,
రమీజా బేరం ఆడుతుంటే చెప్పిన మాట.
అయినా రెండు రోజులు నా చెవిలోనే ఉండిపోయింది.

ఒలిచాం. నానబెట్టాం.
మర్నాడు అదే ఎండలో పితకడానికి కూర్చున్నాం.
రెండు వేళ్ల మధ్య గింజ ఇట్లా నొక్కితే
తోలు చేతిలో ఉండిపోయి
పప్పు ఎగిరి గిన్నెలో పడాలి.
నాది గిన్నె దాటి
గోడ మీద కునికే పిల్లి చెవికి తగిలింది.
అది మా ఇద్దర్నీ చూసిన చూపు,
అబ్బా!
రమీజా ముందు నవ్విందో నేను ముందో తెలీదు.
నాకు పక్కటెముకలు నొప్పెట్టాయి,
చాన్నాళ్లుగా తెరవని తలుపు బందుల్లాగ.

బాగైపోయానని చెప్పను.
ఆదివారం మళ్లీ దుప్పటి కింద సాయంత్రం దాకా పడున్నా.
సోమవారం రమీజా కిందినుంచే కేకేసింది,
జొన్నరొట్టె, పితుకుపప్పు, వేడిగా ఉంది దిగమని.
దిగాను.

ఆ రాత్రి మూడు గంటలకు
కళ్యాణదుర్గం ముసలాయన రక్తానికొచ్చాడు,
మఫ్లరులోంచి ముక్కొక్కటే బయటపెట్టి.
నేను చేతి తొడుగు మార్చుకుంటుంటే
ఆ ముక్కు అదిరింది.
"అనపకాయలు ఒలిచినావా పాపా?"
సబ్బుతో మూడుసార్లు కడిగిన చేతులు నావి.
సూది దిగిన సంగతి కూడా పట్టించుకోకుండా
"కిలో ఎంత పెట్టినావు?" అన్నాడు.
అరవై, అన్నాను.
అన్యాయం, అన్నాడు.

వెనక వరసలో ఎవరూ లేరు.
కిటికీ అద్దం మీద మంచు దిగుతోంది.
మేమిద్దరం ఆ ధర గురించి
చాలాసేపు మాట్లాడుకున్నాం.